ఇన్నయ్య ఇంటి బల్బు

గురజాల, మాచర్ల మధ్య బొగ్గు బస్సులు తిరిగిన రోజుల్లో ఇన్నయ్య బాబాయ్ ఒక బస్సుకు పొయ్యి రాజేసేవాడు. బస్సు వెనక తగిలించిన ఆ పొయ్యిలో పుట్టే గ్యాసుతోనే ఇంజను నడిచేది. అరగంటసేపు పొయ్యికి గాలి కొట్టే చక్రం తిప్పితే గాని బండి కదిలేది కాదు. పెట్రోలు దండిగా దొరకడం మొదలయ్యాక పొయ్యి ఊడదీశారు, దాంతోపాటే ఆయన్నూ. పోతూ పోతూ ఒక పాత డైనమో, బ్యాటరీ తెచ్చుకున్నాడు.

పెళ్ళాం అంతకుముందే పోయింది. పిల్లల్లేరు. మా పేట చివర ఒక్కడే ఉండేవాడు. ఊసుపోక వేపచెక్కతో రెక్కలు చెక్కి, డైనమోకు బిగించి, తాటిమొద్దు మీద నిలబెట్టాడు. గాలికి రెక్కలు తిరిగితే బ్యాటరీ నిండేది, దాంతో ఇంట్లో ఒక చిన్న బల్బు వెలిగేది. ముందు అందరం నవ్వాం. బల్బు వెలిగాక నోళ్ళు మూసుకున్నాం, మా ఇళ్ళల్లో ఉన్నవి కిరసనాయిలు బుడ్లేగా!

యాభై ఎనిమిది అక్టోబరులో మరియతల్లి జపమాల ప్రార్థన ఆయనింట్లోనే పెట్టుకున్నాం. రోజూ సాయంత్రం ఇరవైమందిమి. ఆయన సంబరం చూడాలి! మధ్యాహ్నమే చాపలు పరిచేవాడు. ప్రార్థన అయ్యి మేం లేవబోతే, "అప్పుడేనా? కాసేపు కూసోండి" అని బతిమాలేవాడు. ఆయనకు కావలసింది వెలుగు కాదు, మనుషులు. అది తెలిసీ తెలియనట్టే లేచి వెళ్ళిపోయేవాళ్ళం.

అందరికంటే ముందొచ్చేది పక్కింటి రాజమ్మ. ఆమెకూ ఎవరూ లేరు. ఆయన బ్యాటరీలో వాననీళ్ళు పోస్తుంటే ఒకరోజు అడిగింది.

"ఇదేందయ్యా, దీనికీ దాహమా?"

"అవునక్కా. దాహమేస్తే ఎలుగు తగ్గుద్ది."

నెల మధ్యలో గాలి పడిపోయింది. బల్బు ఎర్రబారి, నాలుగు రోజులు మిణుకుమిణుకుమని ఆరిపోయింది. తర్వాత గాలొచ్చింది, రెక్కలు గిరగిరా తిరిగాయి, బల్బు మాత్రం వెలగలేదు. "బ్యాటరీ ముసల్దైంది" అన్నాడు బాబాయ్. ప్రార్థన బడి మాస్టారింటికి మారింది, అక్కడ పెట్రోమాక్సు లైటుంది. ఆయన రెండు రోజులు వచ్చి గుమ్మం పక్కన కూర్చుని, మానేశాడు. ఎందుకు రావట్లేదని మాలో ఒక్కరూ వెళ్ళి అడగలేదు. నేనూ అడగలేదు.

పదేళ్ళకు మా పేటకు కరెంటు వచ్చింది. ఆ రోజు ఎందుకో సిగ్గేసి ఆయనింటికి వెళ్ళాను. బ్యాటరీ ఇంకా మూలనే ఉంది.

"అది ముసలిదయ్యి చావలేదురా," అన్నాడు. "నేను పనికి పొయ్యినప్పుడు రాజమ్మక్క దాంట్లో ఫాదరుగారు దీవించిన నీళ్ళు పోసింది. దాహమేసిందనుకుంది, పాపం."

ఆ రోజుల్లో నీళ్ళు దీవించేటప్పుడు ఉప్పు కలిపేవారు. ఉప్పునీళ్ళు పడితే బ్యాటరీ ఇక బతకదు.

"మరి ఆమెకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"చెబితే ఆమె కూడా రావటం మానేస్తది గదరా."

ఇంతలో రాజమ్మ కర్ర పొడుచుకుంటూ, చేతిలో కూరగిన్నెతో వచ్చింది. నేను బ్యాటరీ వంక చూడటం గమనించింది.

"నేను దీవెన నీళ్ళు పోశా కాబట్టి ఆ నాలుగు రోజులన్నా ఎలిగింది, తెలుసా?" అంది నాతో.

"అవునక్కా," అన్నాడు ఇన్నయ్య బాబాయ్. లేచి ఆమెకు చాప పరిచాడు.