మొదటి ఇల్లని రాసిచ్చిన కాగితం

మూడోసారికి గాని ఆమెకు క్రేన్ లైసెన్సు రాలేదు. రెండుసార్లు, ఆడపిల్లవు, కళ్లు తిరుగుతాయని పరీక్ష పెట్టే ఆయన దించేశాడు. మూడోసారి అరవై అడుగుల ఎత్తున కూర్చుని, ఇనుప దూలాన్ని నేలమీద గీసిన గీతలోకి గుడ్డు దించినంత మెత్తగా దించింది. ఊళ్లోని గోదాములన్నిటికీ మొదటి ఆడ ఆపరేటర్. పద్నాలుగేళ్లలో ఒక్క బరువు జారలేదు, ఒక్క మనిషికి గోరంత దెబ్బ తగల్లేదు. అందరూ క్రేనమ్మ అంటారు. ఈ చిట్టా అంతా కంఠతా వచ్చిన మనిషి ఆమె తండ్రి, ఒకప్పటి వెల్డర్. ఎవరు దొరికినా మొదట్నుంచి ఎత్తుకుంటాడు.

ఆ తండ్రికే వారం రోజులుగా ముద్ద దిగడం లేదు.

క్రేనమ్మ ఇల్లు కొంటోంది. రెండు గదులు, ఒక వంటిల్లు, కిటికీ తీస్తే రైలు పట్టాలు. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ అని ప్రభుత్వం ప్రకటించింది. ఈ నెల ముప్ఫైతో సరి. ఆ మాట బయటికి రాగానే, ఇల్లు అమ్ముతున్న నర్సమ్మ ధర పెంచింది.

"నీకు మిగిలేదాంట్లో నాకూ కాస్త మిగలనీ తల్లీ," అంది మొహమాటం లేకుండా.

ఆమె అవసరం ఆమెది. ఈ డబ్బుతోనే చెల్లెలి పక్కన చిన్న ఇల్లు మాట్లాడుకుంది. ఇది చెడితే అదీ చెడుతుంది. ఇక క్రేనమ్మకైతే మాఫీ ఉంటేనే ఇల్లు, లేకపోతే లేదు.

దస్తావేజులు రాసే ఆయన దగ్గర, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టింది. నా పేరున ఎక్కడా ఇల్లు లేదు, ఇదివరకు కూడా లేదు అని. అబద్ధమని తేలితే కేసు పడుతుందని ఆయన కళ్లజోడు మీదుగా చూస్తూ చెప్పాడు. కేసు ఉన్నవాళ్లకు క్రేన్ లైసెన్సు మళ్లీ ఇవ్వరు.

తండ్రికి అప్పుడు గుర్తొచ్చింది. లైసెన్సు వచ్చిన వారమే, పాత ఊళ్లో తన వెల్డింగ్ షెడ్డు రిజిస్టరు చేయించుకుంటూ, పొంగిపోయి కూతురి పేరు కూడా తన పేరు పక్కన రాయించాడు. సాక్షి సంతకం అనుకుని ఆమె పెట్టేసింది. పైగా కరెంటు చార్జీ తక్కువ పడుతుందని షెడ్డును ఇల్లని రాయించాడు. తర్వాత రోడ్డు వెడల్పులో షెడ్డు పోయింది. కాగితం మాత్రం ఎక్కడో బతికే ఉంది.

ప్రమాణపత్రం రాసినప్పట్నుంచి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాడు. పక్కింటాయన కావాలని కదిలించినా లైసెన్సు కథ ఎత్తలేదు. కూతురికి అనుమానం వచ్చింది అక్కడే.

"ఏం నాన్నా, నా గొప్పలు అయిపోయాయా? ఒంట్లో బాలేదా?"

నేలచూపులు చూస్తూ అంతా చెప్పేశాడు. ఆమె చేతిలోని మంచినీళ్ల గ్లాసు కింద పెట్టేసింది.

"నాకు తెలియకుండానే నాకో ఇల్లు పెట్టావన్నమాట. ఇంకేమైనా దాచావా?"

"లేదమ్మా. రోడ్డువాళ్లు కొలిచినప్పుడు మాత్రం వర్క్‌షాపనే రాసుకున్నట్టు గుర్తు."

"గుర్తా, నిజమా?"

ఆమె చెప్పులేసుకుని, తండ్రిని వెంటబెట్టుకుని బయల్దేరింది.

దస్తావేజులాయన విని తల పట్టుకున్నాడు. షెడ్డు వర్క్‌షాపేనని రాసిన రోడ్డు ఆఫీసు నకలు తెస్తే గండం గట్టెక్కవచ్చట. అందులోనూ ఇల్లనే ఉంటే ప్రమాణపత్రం వెనక్కి తీసుకుని, ఇంటి మీద ఆశ వదులుకోవాలట. క్రేనమ్మ సెలవు పెట్టి పాత ఊరి బస్సెక్కింది. తండ్రి వెంట వస్తానంటే వద్దంది.

"నువ్వొస్తే ఆ గుమాస్తాకు కూడా నా కథే చెబుతావు. ఇక్కడుండి నర్సమ్మను చూసుకో, ఇల్లు ఇంకొకరికి ఇచ్చేయగలదు."

నిన్న నర్సమ్మ ఇల్లు చూడ్డానికి ఇంకో జంట వచ్చి వెళ్లింది. ఇంకొక్క రోజు ఆగుతానని నర్సమ్మ అంది, అంతే. పాత ఊళ్లో ఫోను అందడం లేదు. ఆ నకల్లో ఏ మాట ఉందో తెలియక, తండ్రి గోడ క్యాలెండరు ముందు నుంచున్నాడు. కూతురు వెళ్తూ పెన్సిలుతో చుట్టిన అంకె మీదే వేలు పెట్టి, పక్కన రాసింది మళ్లీ చదువుకున్నాడు: ఇరవై తొమ్మిది, గురువారం, సాయంత్రం ఆరింటి తిరుగు బస్సు.