కొంగున ముడివేసిన తాళంచెవి

పోయిన శుక్రవారం సాయంత్రం దీపం పెట్టి, ఇక కాసేపు కాళ్ళు చాపుకుందామని కూర్చున్నానో లేదో బెల్లు మోగింది. ఉసూరుమంటూ లేచి తలుపు తీస్తే, మా మేడ మీది రీడింగ్ రూములో పరీక్షలకు చదువుకునే అమ్మాయి ఏడుపు ఒక్కటే తక్కువగా నిలబడి ఉంది. ఆ రూము తలుపు పక్కన పెట్టిన మిషను ఆమె వేలిని ఎంతకీ గుర్తుపట్టడం లేదట, మర్నాటి పరీక్షలో చూపించాల్సిన ఆధార్ కార్డు లోపలి సంచిలో ఉండిపోయిందట. "ఆంటీ, జర తాళంచెవి ఇయ్యరా. అందరివి మీ దగ్గరనే ఉంటయని జిరాక్స్ అన్న చెప్పిండు" అంది. కింద జిరాక్సు కొట్టాయన ఏ కాలం మాట చెప్పాడో గానీ, తాళమే లేని తలుపుకి నేను తాళంచెవి ఎక్కణ్ణించి తేను?

నేను కాపురానికి వచ్చేనాటికి చిక్కడపల్లి గల్లీలో ఈ మేడంతా మా మామగారిదే. కింద మేము, వీధివైపు దుకాణాలు, పైన ఆఫీసులు, ఆ పైన అశోక్‌నగర్ హాస్టళ్ళ పిల్లలు చదువుకోవడానికి కలిసి కిరాయికి తీసుకున్న పెద్ద గది. సాయంత్రం ఆఖరున వెళ్ళేవాళ్ళు తాళం వేసి చెవి మా ఇంట్లో ఇచ్చిపోవడం, పొద్దున్న ముందు వచ్చినవాళ్ళు అడిగి తీసుకెళ్ళడం అప్పటి ఆనవాయితీ, మా ఈడువాళ్ళకి ఇలాంటివి గుర్తుండే ఉంటాయి. వంటింటి గుమ్మం పక్క మేకులకి అవన్నీ వేలాడుతుండేవి, టైలరుగారి దానికి ఎర్ర గుడ్డపీలిక, నారాయణగూడ నుంచి వచ్చే పళ్ళ డాక్టరుగారి దానికి బ్యాండేజి ముక్క, చదువుకునే పిల్లల దానికి పెన్ను మూత. తాళంచెవితో పాటు ఎవరికి వాళ్ళు ఒక మాట కూడా ఇచ్చి వెళ్ళేవారు, కూతురికి సంబంధం కుదిరిందనో, తల్లికి జ్వరం తగ్గలేదనో. పొయ్యి మీద పోపు మాడిపోతుంటే గుమ్మంలో నిలబడి ఈ కబుర్లన్నీ వినడం నాకు ప్రాణం మీదికొచ్చేది.

వీటన్నిటికీ అధిపతి మా అత్తగారు. శుక్రవారం దీపం పెట్టాక ఇంట్లోంచి చిటికెడు ఉప్పయినా బయటికి పోకూడదన్నది ఆవిడ గోదావరి జిల్లా నుంచి వెంట తెచ్చుకున్న నియమం. ఉప్పూ పెరుగూ సూదీ అంటే సరే, వాటి సరసన ఊళ్ళోవాళ్ళ తాళంచెవులు ఎలా చేరాయో ఎవరికీ తెలియదు. ఆ వేళ తెచ్చి ఇచ్చేవాళ్ళు ఇవ్వవచ్చు, పట్టుకెళ్ళాలంటే మాత్రం మర్నాడు పొద్దున్నే రావాలి. మన లక్ష్మీదేవికి ఆఫీసు వేళలున్నాయని మామగారు వేళాకోళం చేసేవారే గాని, మేకు మీద చెయ్యి వేసే ధైర్యం ఆయనకీ లేదు.

అలాంటి ఒక శుక్రవారం, దీపం పెట్టాక, పై గదిలో చదివే ఒక అమ్మాయి పరుగున వచ్చింది. హాల్ టికెట్ బల్ల సొరుగులో మరిచిపోయిందట. పరీక్ష మర్నాడు పొద్దున్నే వరంగల్‌లో, ఆ రాత్రి బస్సుకే పోవాలి. అప్పట్లో హాల్ టికెట్ పోస్టులో వచ్చేది, అది చేతిలో లేకపోతే గేటు దగ్గరే ఆపేసేవారు, ఏడాది చదువూ గంగలో కలిసినట్టే. "అమ్మా, మా నాయిన పొలం పనులు ఇడిసిపెట్టి బస్టాండ్ల నిలబడ్డడు" అంటూ ఆ పిల్ల గుమ్మం బయటే ఆగిపోయింది, ఈ ఇంటి నియమం ఆమెకీ తెలుసు మరి. మామగారు పేపరు దించారు. నేను అత్తగారి వంక చూశాను.

ఆవిడ లేచి, పెన్ను మూత ఉన్న తాళంచెవి తీసి, పైట కొంగున గట్టిగా ముడివేసుకున్నారు. "ఇవ్వకూడదన్నాను గాని రాకూడదన్నానా? నా కొంగున ఉన్నంతసేపూ అది ఇంట్లో ఉన్నట్టే" అన్నారు. కీళ్ళనొప్పులతో మెట్లెక్కడం మానేసి ఏళ్ళయిన మనిషి, నా భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ పైదాకా వచ్చి, ముడి విప్పకుండానే కొంగుతో సహా వంగి తాళం తీశారు. నాకు నవ్వొచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి.

ఆదివారం పొద్దున్న పై గది పిల్లలు పట్టుకెళ్ళిన తాళంచెవిని సాయంత్రం ఆ అమ్మాయే తిరిగి ఇవ్వడానికి వచ్చి, పరీక్ష మంచిగ రాసిన అని చెప్పింది. అత్తగారు తలూపి దాన్ని మేకుకి తగిలించారు. రెండ్రోజులుగా ఆవిడ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు.

అత్తగారు పోయాక ఆ మేకులు చాలా ఏళ్ళు నేనే చూసుకున్నాను. నిద్రలో కూడా ఎవరో తాళంచెవి అడుగుతున్నట్టే ఉండేది. అద్దెకున్నవాళ్ళు తలుపులకి మిషన్లు పెడతామన్నప్పుడు అందరికంటే ముందు ఒప్పుకున్నదాన్ని నేనే, అంత విసిగిపోయి ఉన్నాను.

పోయిన శుక్రవారం మాత్రం ఆ పిల్లని ఒంటరిగా పైకి పంపడానికి మనసొప్పలేదు. లిఫ్టు పాడై ఉంది, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, మూసిన తలుపు ముందు ఆమె పక్కనే కూర్చున్నాను. నా దగ్గర కొంగు తప్ప ఏమీ లేదు. రీడింగ్ రూము నడిపే అబ్బాయి ఎంతకీ ఫోను ఎత్తలేదు. ఎత్తాక, కోఠిలో ఎక్కడున్నాడో, అక్కణ్ణించే ఫోనులో ఏదో నొక్కాడు, తలుపు దానంతటదే తెరుచుకుంది. ఆ పిల్ల సంచి తీసుకుని, "మీకు పరేషాన్ చేసిన ఆంటీ" అంటూ గబగబా దిగి వెళ్ళిపోయింది.

మిషను మంచిదే, కాదనను. కాకపోతే ఆదివారం సాయంత్రం నేను టీవీ కూడా పెట్టుకోకుండా గుమ్మానికి దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వచ్చి ఇచ్చిపోవడానికి ఆ పిల్ల దగ్గర నాదేమీ లేదు. పరీక్ష ఎలా రాసిందో నాకింకా తెలియదు.