బొరుసు లేని రూపాయి

భూపాలపల్లి బొగ్గు గని వర్క్‌షాపులో యంత్రాల విడిభాగాలు కొలవడం నా పని. సెలవు రోజుల్లో నాణేలు కొలుస్తాను. టంకశాలలోనే తప్పుగా అచ్చుపడిన నాణేలంటే నాకు పిచ్చి. అవి చాలా అరుదు. నాకు చూపించేవాటిలో ఎక్కువ భాగం తర్వాత దెబ్బతిన్నవే: రైలు పట్టాల మీద పెట్టినవి, సుత్తి దెబ్బ తిన్నవి, నిప్పులో పడినవి. తేడా పట్టడానికి ఒక జాబితా రాసుకున్నాను. బరువు సరిపోయిందా. అంచు గీతలు చెదిరాయా. ఒకవైపు నొక్కు ఉంటే రెండోవైపు చదునైందా.

చివరిది నా సొంత అనుభవం. పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు రెండు బిళ్ళలను జతచేసి వైస్‌లో, దాని ఇనుప దవడల మధ్య, బిగించేవాళ్ళం. ఒకదాని బొమ్మ రెండోదానిలోకి, అద్దంలో చూసినట్టు తిరగబడి, గుంటగా దిగేది. వైస్ దవడకు ఆనిన ముఖం మాత్రం చదునైపోయేది.

నాతో పనిచేసే ఒక అన్న సొంతూరు పెద్దవంగర దగ్గరి తండా. ఒక ఆదివారం లింగాల ఘనపూర్‌లోని మా ఇంటికి బండి మీద పోతుంటే దారి మళ్ళించి తన ఇంటికి తీసుకుపోయాడు. వాళ్ళమ్మ మెడలో వెండి రూపాయల దండ ఉంది. పెళ్ళినాడు ఆమె తల్లి తన చేత్తో కట్టింది. అందులో ఒక రూపాయికి బొరుసు లేదు. ముందు రాజు తల, వెనకా అదే తల, గుంటగా, తిరగబడి.

ఆమె ఆడబిడ్డ ఎదురింట్లోనే ఉంటుంది. నా సంగతి విని వచ్చి గడపలో కూర్చుంది.

"గిప్పుడన్న తేలుతది వదినె. మీ యాడి చెల్లని బిళ్ళ కట్టి తోలిందో, ఏందో."

యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ.

"నలభై ఏండ్ల సంది నీకు గదే పని. చూడు బిడ్డా, నువ్వే చెప్పు," అంది వాళ్ళమ్మ, నా వైపు తిరిగి.

రూపాయికి కొక్కెం అతికించి ఉంది కాబట్టి బరువు తూచి లాభం లేదు. అంచు బాగానే ఉంది. రాజు ముక్కు, చెంప చదునుగా ఉన్నాయి. నాకు అది చాలింది. రెండు వైపులా ఫొటో తీసుకున్నాను.

"టంకశాల తప్పు కాదవ్వా. ఎవరో ఇంకో రూపాయి పెట్టి నొక్కిన్రు."

"మా యాడికి తెలిసే కట్టిందంటవా?"

"గది నేనెట్ల చెప్తనవ్వా."

"నేను చెప్పలే?" అంది ఆడబిడ్డ. వాళ్ళమ్మ చాయ్ పెట్టడానికి లేచింది. తప్పు లేకుండా తేల్చానన్న తృప్తితో నేను ఆ చాయ్ తాగాను.

కొన్ని నెలల తర్వాత జనగామలో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయనకు ఆ ఫొటోలు చూపించాను. ఆయన నాకంటే ఎన్నో ఏళ్ళ ముందునుంచి నాణేలు చూస్తున్న మనిషి.

"ముక్కు ఎందుకరిగిందయ్యా?"

"నొక్కుడుకు."

"నొక్కుడుకైతే చుట్టూ అక్షరాలు గుడ చదును గావాలె. అవి నిలబడే ఉన్నయ్ గద. గిది తోముడు. చింతపండు పెట్టి తోమితే ముందుగాల ఎత్తున్నయే పోతయ్."

రెండో ఫొటో తిప్పి తిప్పి చూశాడు. గుంటలో రాజు తల వెంట్రుకలతో సహా దిగింది. అక్షరాలు అంచు దాకా ఉన్నాయి. వైస్‌లో అంత నిండుగా దిగదు. ముందు కొట్టిన రూపాయి అచ్చుకే అంటుకుపోతే, తర్వాతి బిళ్ళ మీద దాని ముద్ర ఇలా పడుతుందని చెప్పాడు.

"పుట్టుకతోనే గిట్లున్నది. ఎవలన్న చెడ్డదన్నరా?"

"నేనే అన్న."

బండి నేరుగా తండాకు తిప్పాను. దండలో ఆ రూపాయి లేదు. నేను చెప్పిన వారానికే అన్న తల్లి దాన్ని విప్పి మహబూబాబాద్‌లో కంసాలికి ఇచ్చింది. కరిగించి మనవరాలి పట్టీల్లో కలిపాడట.

"అది మంచిదేనవ్వా. తప్పు నాది."

ఆమె దండలో ఇంకో రూపాయి పట్టుకుని తిప్పి చూపించింది.

"పెండ్లయిన వారానికే గుంట దిక్కు రొమ్ముకు తిప్పుకున్న, ఎవలకు కనవడొద్దని. బయటి దిక్కు పండుగ పండుగకు తోమిన."

ఏ వైపు బయటికి వేసుకునేదో, దేనితో తోమేదో ఆ రోజు నేను అడగలేదు. ఆ ప్రశ్న నా జాబితాలో లేదు.

"యాడి సచ్చేటప్పుడు గుడ చెప్పింది, నాకెట్ల వచ్చిందో గట్లనే కట్టిన బిడ్డా అని. నేను నమ్మిన. వీళ్ళందరితోని కొట్లాడిన. నువ్వు చెప్పినంక యాడినే అబద్ధమాడిందనుకున్న."

ఆడబిడ్డను కేకేసి పిలిచింది. నేను ఫోన్ చూపిస్తూ మొదటినుంచి చెప్పాను.

"ఫోన్ల ఏమన్న కనవడ్తది. బిళ్ళేది?" అని, పొయ్యి మీద కూర ఉందంటూ ఆమె వెళ్ళిపోయింది.

"గా ఫొటో కాగితం మీద తీసియ్యి," అంది అన్న తల్లి.

"రెండు దిక్కులా?"

"లోపటి దిక్కు ఒక్కటే."

భూపాలపల్లిలో పెద్ద సైజులో తీయించాను. వెలుగు పడిన తీరుకు, కాగితం మీద ఆ తల గుంటగా కనిపించలేదు. అక్షరాలు తిరగబడి ఉన్నా, తల మాత్రం పైకి ఉబ్బినట్టు, ఏ రూపాయి మీదైనా ఉండే తలలాగే కనిపించింది. ఫొటో ఎటు తిప్పినా అంతే. మళ్ళీ తీద్దామంటే నాణెం లేదు. దాన్నే అన్న చేతికిచ్చి పంపాను.