తాటిచెట్టు నంబరు

ఎనభైల మొదట్లో వరంగల్ శివారులో మేం ఇల్లు కట్టుకున్న జాగాలో ఒక తాటిచెట్టు ఉండేది. జాగా నాదే, రిజిస్ట్రీ కాగితమూ నాదే. చెట్టు మీద మాత్రం నాకు హక్కు లేదు. దాని మొదలుకు కొంచెం పైన ఆబ్కారీ వాళ్లు తెల్లరంగుతో వేసిన నంబరు ఉండేది. నంబరున్న చెట్టును కల్లు గీసే గౌడన్న తప్ప ఎవరూ ముట్టకూడదు. అనుమతి లేకుండా కొడితే కేసే.

గౌడన్న పొద్దునా సాయంత్రం చెట్టెక్కే మోకుతాడు భుజాన వేసుకుని, మా గేటు తానే తీసుకుని వచ్చేవాడు. "చెల్లె, జర పక్కకు జరుగు, మట్ట పడ్తది" అని పైనుంచి మా ఆవిడకు కేక వేసేవాడు. ఆమెకు అతనంటే అభిమానం. నాకే ఒళ్లు మంట. నన్ను అడగకుండా నా ఇంట్లోకి రోజుకు రెండుసార్లు మనిషి రావడమేమిటి? ఒకరోజు ఎండుమట్ట పడి నాలుగు పెంకులు పగిలాయి. కింద ఆరేసిన కొత్తవాడ జంపఖానా నిండా పెంకు ముక్కలే. ఇక ఊరుకునేది లేదని ఆబ్కారీ ఆఫీసుకు వెళ్లాను.

"నంబరున్న చెట్టు కొట్టనియ్యం సార్" అన్నాడు అక్కడి గుమస్తా, తల కూడా ఎత్తకుండా.

నేనూ సర్కారు గుమస్తానే. రికార్డులో లేనిది లోకంలోనే లేదని నమ్మి బతికినవాణ్ణి. మా ఆవిడ పుట్టింటికి వెళ్లిన ఒక ఆదివారం మధ్యాహ్నం, కొడవలి తీసుకుని ఆ నంబరు గీకేశాను. నంబరు పోతే అది మామూలు చెట్టే కదా, మెల్లగా కొట్టించవచ్చు అనుకున్నాను.

వారం తిరక్కుండానే ఆబ్కారీ జవాన్లు తనిఖీకి వచ్చారు. గౌడన్న అప్పుడే చెట్టు దిగుతున్నాడు. నంబరు లేని చెట్టు గీస్తావా అని అతని లొట్టి పగలగొట్టారు. కల్లంతా మా వాకిట్లో పారింది.

"నంబర్ ఏడ వోయింది?" అని గద్దించారు.

గౌడన్న ఆ గీతలను చేత్తో తడిమి చూశాడు. తర్వాత కిటికీలో ఉన్న నా వైపు చూశాడు.

"నా మోకు రాపిడికి పోయింది సార్" అన్నాడు.

నేను కిటికీ రెక్క మెల్లగా మూశాను.

చెట్టుకు మళ్లీ నంబరు వేశారు. గౌడన్న మాత్రం ఇక ఆ చెట్టు ఎక్కకూడదని రాసి పోయారు. చట్టం చెట్టును నా నుంచి కాపాడింది, దాన్ని నమ్ముకున్న మనిషిని కాపాడలేదు. కొడవలికి అంటిన తెల్లరంగు చూసి, గీకింది నేనేనని తెలిసి మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "పోయి ఒప్పుకో" అంది. ఆ సాయంత్రమే గౌడన్న ఇంటికి వెళ్లాను.

నేను గొంతు సవరించుకునేలోపే అతనన్నాడు: "నాకెరుకే సారూ. మోకు రాపిడైతే చుట్టూ అరుగుతది. గవి కొడవలి గీతలు. నీ పేరు చెప్తే కొలువు పోతదని ఊకున్న. నాకింకా చెట్లున్నయ్. నీకు గా కొలువొక్కటేనాయె. ఫికర్ జెయ్యకు."

నిజం చెబుతాను. ఆ క్షణాన నాకు సిగ్గు కలగలేదు. కొలువు నిలిచిందని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. మర్నాడు వెళ్లి తప్పు నాదేనని రాసివ్వవలసింది. ఇవాళ, రేపు అనుకుంటూ రాసివ్వనేలేదు.

మరుసటి ఎండాకాలం అతను బజారులో ఎదురుపడితే చూడనట్టు తల తిప్పుకున్నాను. అతనే దగ్గరికొచ్చి నవ్వుతూ అడిగాడు.

"సారూ, చెట్టు మంచిగున్నదా?"