మిల్లును తిప్పేసిన ఫొటో

రిటైర్మెంటుకు ఇంకా పదకొండు నెలలు ఉన్నాయనగా, ఒక జూన్ మొదటి సోమవారం మా ఎడిషన్ ఇన్‌చార్జి నాకు కొత్త పని అప్పగించాడు. అప్పటికి నేను వరంగల్ డెస్కులో సీనియర్ సబ్‌ఎడిటర్‌ని. ఆదివారం క్రీడల పేజీలో పావు పేజీ ఇస్తాననీ, ఊరి పాత జట్ల గురించి వారం వారం రాయమనీ, చివర ఒక ప్రశ్న వేసి పాఠకుల దగ్గర జవాబులు తెప్పించమనీ చెప్పాడు. వయసులో నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. పోయేముందు పెద్దావిడకు కాస్త సరదా పని ఇద్దామనుకున్నాడేమో! నేను మాత్రం సరదాగా తీసుకోలేదు. ఏ పనినీ అలా తీసుకునే అలవాటు నాకు లేదు.

సబ్‌ఎడిటర్ అంటే ఏమిటని ఇప్పటికీ మా బంధువులు అడుగుతుంటారు. ఊళ్ల నుంచి కంట్రిబ్యూటర్లు పంపే వార్తలను దిద్ది, శీర్షిక పెట్టి, ఫొటో కింద రెండు లైన్ల రైటప్ రాసి, పేజీలో కూర్చోబెట్టే మనిషి. పేపర్లో మా పేరు ఎక్కడా పడదు. తప్పు పడిన రోజున మాత్రం ఆఫీసంతటికీ మేమే గుర్తొస్తాం. ముప్పై ఏళ్లకు పైగా చేశాను, అప్పటిదాకా నా పేజీలో సవరణ వేయాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. ఆ సంగతి నేను నలుగురి ముందు చెప్పుకునేదాన్ని కూడా. కొంచెం ఎక్కువే చెప్పుకునేదాన్ని.

శీర్షిక మొదలైన నెలకే ఫోన్లు ఆగకుండా మోగాయి. మన దగ్గర ఆ రోజుల్లో ప్రొఫెషనల్ ఆటగాడంటే ఆటకు ఉద్యోగం దొరికినవాడు. మిల్లులో మస్టరు, అంటే హాజరు పట్టీ మీద పేరుండేది, సాయంత్రం కోర్టులో చెమటోడ్చాలి. ఊరి చివరి చిన్న నూలు మిల్లుకు ఒక వాలీబాల్ జట్టు, ధాన్యం మార్కెట్ గుమాస్తాలకు ఇంకొకటి. మట్టి కోర్టు, సున్నం గీతలు, సగం మంది వట్టి కాళ్లతోనే ఆడేవాళ్లు. సర్వీసు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే పాయింటు వచ్చే పాత లెక్క. మ్యాచ్ రోజున గడ్డం గీసుకుంటే ఓడిపోతామని మిల్లు కెప్టెన్ జట్టు మొత్తాన్ని గడ్డాలతోనే దింపేవాడట. ఒక రిటైరైన బస్సు కండక్టర్ ఫోన్ చేసి, మిల్లు జట్టులో ఆరుగురూ ఏ వరుసలో నిలబడేవాళ్లో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఇవన్నీ వింటుంటే నాకూ హుషారొచ్చింది, ఒప్పుకోవాలి.

ఎనిమిదో వారం ప్రశ్న ఇది: మిల్లు జట్టు మార్కెట్ జట్టును ఓడించి కప్పు గెలిచిన ఫైనల్లో ఆఖరి సర్వీసు ఎవరిది? జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడి ట్రంకు పెట్టెలో ఆ మ్యాచ్ స్కోరు షీటు దొరికింది. నంబరు ఎనిమిది, ఖాజామియా. కింద ఇద్దరు కెప్టెన్ల సంతకాలు, రిఫరీ సంతకం. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

ఫొటో కూడా దొరికింది. పాత ఫొటోగ్రాఫర్ ఇంటివాళ్లు ఇచ్చిన డబ్బాలో, ఎనిమిదో నంబరు బనీను వేసుకున్న ఆటగాడు బంతి ఎగరేసి సర్వీసు కొడుతున్నాడు. మొహం పైకెత్తి ఉండటంతో పోలికలు తెలియవు. ఒక్కటే చిక్కు: కొడుతున్నది ఎడమ చేత్తో. నేను ఆ జట్టు పాత ఆటగాడొకాయనకు ఫోన్ చేసి, ఖాజామియాది ఏ చేతివాటమని అడిగాను. "కుడిచెయ్యే మేడం, మస్తు కొడుతుండె" అన్నాడాయన. ఇంకేం, నాకు విషయం తేలిపోయింది. ఫిల్ము రోజుల్లో నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేస్తే కుడి ఎడమలు మారిపోతాయి. అలాంటి తప్పులు అంతకుముందు రెండు పట్టుకున్నాను, చొక్కా జేబు కుడివైపు కనిపించడంతో. ఇక్కడ జేబు లేదు. ఎనిమిది అంకె ఎటు తిప్పినా ఎనిమిదే. మరుసటి ఆదివారం జవాబుతో పాటు వేయడానికి, పేజీ పెట్టే అబ్బాయిని పిలిచి ఫొటో ఫ్లిప్ కొట్టమన్నాను. 'ఆఖరి సర్వీసు కొడుతున్న ఖాజామియా' అని రైటప్ రాసి పేజీ ఓకే చేశాను. ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది.

బుధవారం మధ్యాహ్నం, డెస్కు ఇంకా వేడెక్కకముందు, ఒక పెద్దాయన కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. తెల్ల లాల్చీ, భుజాన తువ్వాలు, చేతిలో మడిచిన మా పేపరు. కూర్చోమంటే కూర్చోలేదు. తానే ఖాజామియానని చెప్పాడు. నేను సంబరంగా లేచి, అభినందనలు చెప్పబోయాను.

"ఉండు బిడ్డా. గా సర్వీసు నాది కాదు. మీరు తప్పు రాసిండ్రు" అన్నాడు.

నాకు చర్రుమంది. స్కోరు షీటు జిరాక్సు తీసి ముందు పెట్టాను. ఆయన దాన్ని చూడనైనా చూడలేదు. పేపరు విప్పి ఫొటో మీద వేలు పెట్టాడు.

"ఈ గేటు చూడు. మిల్లు గేటు సర్వీసుకు నిలబడ్డోనికి వెనుక ఎడమ దిక్కు ఉంటది. ఇందుల కుడి దిక్కుకు వచ్చింది. ఇరవై ఏండ్లు నేను ఆ గేట్లకెల్లి పోయి వచ్చిన. మీరు మనిషినే కాదు, మిల్లునే తిప్పిండ్రు గద!"

అసలు ప్రింటు తీయించాను. అందులో గేటు ఆటగాడికి ఎడమవైపే ఉంది. నెగెటివ్ తిరగబడలేదు, తిప్పింది నేనే. ఆయన అసలు ఫొటోను రెండు చేతులా పట్టుకుని, "ఈడు సాంబడు. ఎడమచెయ్యి సాంబడు" అన్నాడు.

అప్పుడు కూర్చుని చెప్పాడు. సాంబయ్య మిల్లులో బదిలీ కార్మికుడు. బదిలీ అంటే రోజూ షిఫ్టు వేళకు గేటు దగ్గర నిలబడాలి. పర్మినెంటు కార్మికుడు ఎవరైనా రాకపోతే ఆ రోజుకు అతని మిషను మీద ఎక్కాలి. ఆ రోజు తీసిన నూలు మిషను నంబరు కింద పడుతుంది, బదిలీవాడి పేరు ఎక్కడా ఉండదు. టోర్నమెంటు నిబంధన ప్రకారం ఏ జట్టులోనైనా ఆ సంస్థ పర్మినెంటు వాళ్లే ఆడాలి. ఫైనల్ పొద్దున ఖాజామియా మడమ బెణికింది. కెప్టెన్ ఒక్క నిమిషం ఆలోచించి, మిషను మీద బదిలీ ఎక్కినట్టే కోర్టులోకీ ఎక్కమని సాంబయ్యకు ఎనిమిదో నంబరు బనీను తొడిగాడు. స్కోరరు తన దగ్గరున్న జాబితా చూసి ఖాజామియా అని రాసుకున్నాడు. మిల్లువాళ్లకు అందులో మోసమేమీ కనిపించలేదు, వాళ్లకది రోజూ జరిగే పనే.

"గా మ్యాచ్ షీటు మీద నా పేరు చూసే నన్ను జిల్లా జట్టుకు తీసుకున్నరు. మడమ బాగైనంక నా ఆట నేనే ఆడిన, అబద్ధం లేదు. కని తలుపు తీసింది వాడు. వాడు పర్మినెంటు గాకముందే మిల్లు బందైంది."

ఇన్నేళ్లూ ఊరుకుని ఇప్పుడెందుకు వచ్చారని అడిగాను. కటువుగానే అడిగాను. సాంబయ్య స్టేషన్ ఘన్‌పూర్‌లో బిడ్డ దగ్గర ఉంటున్నాడట. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది, మాట కూడా ముద్దగా వస్తుంది. కొన్ని సంగతులు గుర్తుంటాయి, కొన్ని ఉండవు. గుర్తున్న వాటిలో ఈ ఫైనల్ ఒకటి. ఆదివారం బిడ్డ మా పేపరు చదివి వినిపించింది. సోమవారం ఖాజామియా చూడబోతే, సాంబయ్య ఆ పేజీ మంచం మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"పేపర్ల నీ పేరున్నదిరా ఖాజా, నేను ఆడలేదా అని అడిగిండు బిడ్డా. నన్నే అడుగుతాండు! ఆడింది నువ్వేరా అని మస్తు చెప్పిన. నా మనసు కోసం అంటాన్ననుకుంటాండు. మీరు అచ్చేసినంక నా మాట ఎవలు నమ్ముతరు?"

నా పేజీకి మచ్చ పడిందని అప్పటిదాకా లోపల కుమిలిపోతున్నాను. ఒక మనిషికి మిగిలిన నాలుగు జ్ఞాపకాల్లో ఒకదాన్ని నేను చెరిపేశానని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, భయమూ వేసింది.

మా పద్ధతి ప్రకారం సవరణ వేయాలంటే ఇన్‌చార్జి అనుమతి కావాలి, నోటిమాట మీద వేయరు. ఆయనకు విషయం చెప్పాను. తల పట్టుకున్నాడు. "ఇది సవరణ కాదు మేడం, మిల్లు జట్టు అనర్హుణ్ని ఆడించి కప్పు కొట్టిందని మనం రాసినట్టు. ఆ మార్కెట్ జట్టువాళ్లు ఇంకా ఉన్నారు. రేపు ఆఫీసు ముందుకొచ్చి కూర్చుంటే?" అన్నాడు. ఆయన భయంలో న్యాయం లేకపోలేదు. గెలిచినవాళ్లకే కాదు, ఖాజామియాకూ అది అప్రదిష్టే. ఆ మాటే ఆ పెద్దాయనతో అంటే, "పడనియ్యి బిడ్డా, నా పేరు మీదనే పడనియ్యి" అన్నాడు.

ఓడిన జట్టు అభ్యంతరం లేదంటే వేద్దామని చివరకు ఇన్‌చార్జి ఒప్పుకున్నాడు. మార్కెట్ జట్టు కెప్టెన్ విశ్వనాథం గారికి చౌరస్తా దగ్గర కిరాణా దుకాణం ఉంది. ఎనభైకి దగ్గర పడ్డా గల్లా పెట్టె వదలడు. మర్నాడు ఖాజామియాను వెంటబెట్టుకుని వెళ్లాను. దారంతా ఏమని మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకున్నాను. ఆయన విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎడమచెయ్యి సర్వీసు అటు తిరిగి వస్తది, ఇటు రాదు. మొదటి బంతికే మాకు తెల్వదా ఏంది, వాడు ఖాజా కాదని!" అన్నాడు.

మరి అప్పుడే రిఫరీకి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన దుకాణంలో ఉన్న గిరాకీ వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించాడు. "మా ఆరుగురిల గుమాస్తాలు నలుగురే తల్లీ. ఒకాయన బడిల పంతులు. ఇంకోడు మా బామ్మర్ది, వాడు ఏ పనీ చేయకపోతుండె. మేము ఏం మొహం పెట్టుకొని చెప్తం?" అని, ఖాజామియా వైపు తిరిగి, "గా ఎడమచెయ్యి పోరని పేరు ఇన్నేండ్ల సంది నాకు తెల్వదు ఖాజన్నా. జర చెప్పు" అన్నాడు. ఖాజామియా చెప్పాడు. విశ్వనాథం గారు ఆ పేరును రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు. అభ్యంతరం లేదని నేను అడిగిన కాగితం మీద సంతకం పెట్టి, బెల్లం ముక్క చేతిలో పెట్టి పంపాడు.

సవరణ అంటే సాధారణంగా లోపలి పేజీలో అగ్గిపెట్టెంత జాగా. 'దొర్లిన పొరపాటుకు చింతిస్తున్నాం' అని రాస్తాం, పొరపాటు తనంతట తానే దొర్లినట్టు. నేను అదే పావు పేజీ తీసుకున్నాను. ఫొటోను ఉన్నది ఉన్నట్టు వేశాను. తిప్పింది డెస్కేనని రాశాను. రైటప్‌లో 'ఖాజామియా స్థానంలో ఆడి, ఫైనల్లో ఆఖరి సర్వీసు కొడుతున్న సాంబయ్య' అని పెట్టాను. ఇన్‌చార్జి రెండుసార్లు చదివి, ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఓకే చేశాడు.

ఆదివారం పొద్దున్నే ఖాజామియాతో కలిసి ప్యాసింజరులో స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లాను. డెస్కు మనుషులు ఇలా పాఠకుల ఇళ్లకు వెళ్లరు. అయినా వెళ్లాను. సాంబయ్య సన్నగా, పొడుగ్గా, దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉంది. ఆయన బిడ్డ పేపరు తీసుకుని, నిలబడే, గట్టిగా చదివింది. తండ్రి పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. "బాపూ, నీ పేరే! నిజంగ నువ్వే ఆడినవా?" అంది. ఖాజామియా కర్ర మీద గడ్డం ఆనించి ఆయన మొహంలోకే చూస్తున్నాడు.

సాంబయ్య నవ్వలేదు, ఏడవలేదు. కుడి చేత్తో పేపరు లాక్కుని చాలాసేపు ఫొటో చూశాడు. తర్వాత నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"తప్పు" అన్నాడు.

ఆయన మాట కూడదీసుకుంటూ ఒక్కొక్కటిగా పలికాడు. "ఇది... ఆఖరిది... కాదు. ఆఖరిదప్పటికి... పొద్దు గూకింది. మసక. ఫొటో... ఎట్ల తీస్తడు?" ఫొటోలో ఆయన పక్కన పడిన నీడను వేలితో చూపించాడు. ఎండ ఇంకా గట్టిగా ఉన్నప్పటి నీడ. "మొదటి సెట్టు" అన్నాడు. తర్వాత ఖాజామియా వైపు తిరిగి, దబాయించినట్టుగా, "ఆడింది నేను గద. నాకు తెల్వదా?" అన్నాడు. ఖాజామియా అంత పెద్దమనిషి వెక్కివెక్కి ఏడ్చాడు. "నీకే తెలుసురా, నీకే తెలుసు" అంటూ ఆ పడిపోయిన చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

మరుసటి ఆదివారం రెండో సవరణ వేశాను. ఒకే ఫొటోకు రెండు సవరణలు వేసిన సబ్‌ఎడిటర్ని తన సర్వీసులో చూడలేదని ఇన్‌చార్జి అన్నాడు. నేనూ చూడలేదు. రిటైరయ్యేదాకా ఆ శీర్షిక నడిపాను, కానీ పద్ధతి మార్చుకున్నాను. ఏ పాత ఫొటో వచ్చినా ముందుగా అందులోని వాళ్లు ఎవరైనా బతికున్నారా అని కనుక్కుని, వాళ్లకు చూపించి, వాళ్లు చెప్పింది రాసుకున్నాకే స్కోరు షీటు తెరిచేదాన్ని. రెండింటికీ తేడా వస్తే పేజీ ఆపేదాన్ని.