సున్నా పోర్టు చూపిన మంచినీళ్లు

చో లాక్ ఊరి పండ్లతోటల దగ్గర నది తూముకు ముప్పై ఒక్క ఏళ్లుగా కాపలా నాదే. చదివింది పల్లె బడిలో ఐదో తరగతి. అయినా, సముద్రపు ఉప్పు నదిలోకి ఎగదన్నిన ఏ ఎండాకాలమూ నా తలుపు దాటి ఉప్పునీరు కాలువలోకి రాలేదు. జిల్లావాళ్లు మూడు ప్రశంసాపత్రాలు ఇచ్చారు. అరవై రెండో ఏట పైథాన్ నేర్చుకుని, నదిలో ఒకటి, కాలువ చివరన ఒకటి ఉన్న ఉప్పు మీటర్ల లెక్క తెర మీద పడేలా ప్రోగ్రాం రాసిందీ నేనే.

కొత్త సంవత్సరపు టెట్ పండగకు బల్ల తుడవాలని ఆ రెండు ఉప్పు మీటర్ల తీగలూ కంప్యూటరు నుంచి పీకి, తుడిచి, మళ్లీ గుచ్చాను.

మర్నాడు పొద్దున్నే థమ్ వచ్చింది. తూము పక్కనే ఆమెది దురియన్ పండ్ల మొక్కల నర్సరీ. పదకొండు వేల మొక్కలు వాడుముఖం పట్టాయి, కాలువ అడుగంటింది. పుట్టిన వరస అంకెతో పెద్దల్ని పిలవడం మా వైపు అలవాటు.

"ఏడో బాబాయ్, నది ఏమంటోంది? ఇవాళ కూడా తలుపు తీయనంటే ఇక్కడే చాప వేసుకుంటా."

తెరలో నది వరస ఒక్కటే చూశాను. నది: లీటరుకు పావు గ్రాము ఉప్పు. మంచినీళ్లే.

"చాపెందుకే, వెళ్లి మోటారు పెట్టుకో."

తలుపు ఎత్తాను. నీళ్లు ఉరికాయి. ముఖం కడుక్కుందామని దోసిలి పట్టానా, పెదవికి ఉప్పు తగిలింది!

"థమ్! మోటారు ఆపు!"

"ఇప్పుడేగా పెట్టమన్నావు! పొద్దున్నే పండగ సారా పట్టించావా బాబాయ్?"

"ఉప్పు! తల్లీ, ఉప్పు!"

మోటారు ఆగింది. తలుపు దించాను. తెర మీద మాత్రం ఇంకా పావు గ్రామే.

మీటరు చెడిందనుకున్నాను. నా ప్రోగ్రాంను అనుమానించాలని తోచనే లేదు. చివరికి, కంప్యూటరుకు తీగలు గుచ్చే సీరియల్ పోర్టులన్నిటినీ వరసగా చూపించే నాలుగు వాక్యాలు రాశాను. ఒక్కో పోర్టు పేరు, పక్కనే దానికి తగిలించిన తీగ తయారీ నంబరు వచ్చాయి. సున్నా పోర్టు పక్కన కాలువ తీగ నంబరు! ముందు గుచ్చిన తీగకు సున్నా, తర్వాతదానికి ఒకటి అని కంప్యూటరు పేరు పెడుతుంది. సున్నా అంటే నదేనని నేను ప్రోగ్రాంలో రాసిపెట్టాను. నిన్న కాలువ తీగను ముందు గుచ్చింది ఈ చేతులే.

"అంటే కాలువ లెక్క చూసి నది అన్నావా?" థమ్ తెర మీదికి వంగింది. "నా మొక్కల మొదటి వరస ఉప్పునీళ్లతో తడిసిపోయింది బాబాయ్!"

"తప్పు నాదే."

నంబరును బట్టి తీగను గుర్తుపట్టేలా, నంబరు దొరక్కపోతే ఏ లెక్కా చూపకుండా ఉండేలా ప్రోగ్రాం తిరగరాశాను. నాలుగో నాడు పోటు బలం తగ్గి నదిలో నీళ్లు నిజంగానే చప్పబడ్డాయి. పోర్టుల జాబితాను థమ్ చేత చదివించాకే తలుపు తీశాను. మొక్కలు బతికాయి, మొదటి వరసలో అరవై తప్ప. ఎండిన ఆ అరవైనీ నేనే పీకాను.