బస్సు వెనకాల మా వియ్యంకుడి కారు

మా వియ్యంకుడు పోయిన గురువారం పొద్దున గుండె ఆగి వెళ్ళిపోయారని మీ అందరికీ తెలుసు. మన తెలుగు సంఘం వాళ్ళు ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. రాసే ముందు ఒకటి సరిదిద్దాలి. మూడోనాడు తుకుం బస్తీలో వాళ్ళ వాకిట్లో కూర్చున్నప్పుడు మీలో ఒకరు, పేరు రాయను, టీ గ్లాసు కింద పెడుతూ "పాపం, ఆయనకు ఆ పాత కారంటే పాణం" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఏడుస్తున్న ఇంట్లో వాదన ఎందుకని నేనూ ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటు లేని పని, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆయనకు ఆ కారంటే ప్రాణమేమీ కాదు. ఆ కారంటే ఆయనకు వణుకు.

నా కూతుర్ని వాళ్ళింటికే ఇచ్చాను. పక్క గల్లీలోనే ఉంటాను. కాబట్టి ఆ వణుకు నేను దగ్గర్నుంచి చూశాను.

మా వదినకు, అంటే ఆయన భార్యకు, ఉబ్బసం. ఈ బొగ్గు గనుల ఊరి గాలి సంగతి మీకు నేను చెప్పాలా? పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఏ రంగులో లోపలికి వస్తుందో మీకూ తెలుసు. ఒకసారి ఆమెకు ఆయాసం ఎక్కువై ఆటోలో తీసుకెళ్ళారు. దారి పొడవునా బొగ్గు లారీలు. ఇంటి దగ్గర ఎట్లాగో మాట్లాడిన మనిషి ఆసుపత్రి గేటు దగ్గరికి చేరేసరికి నోరు మాత్రమే కదిలిస్తోంది. ఆ వారమే ఆయన అద్దాలు మూసుకునే బండి కోసం తిరిగి, ఊర్జానగర్ కాలనీలో బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర ఆ తెల్ల కారు కొన్నారు. ఆ ఇంజనీరు తాళం చెవులిచ్చేటప్పుడు కాస్త ఎక్కువగా నవ్వాడని మా వియ్యంకుడు చివరిదాకా అంటుండేవారు.

బండి ఇంటికొచ్చిన రోజు నుంచి ఆయనకు ఒకటే దిగులు. వదినకు ఆయాసం వచ్చిన ఆ ఘడియలో ఇది కదలకపోతే? అద్దాలు బాగానే మూసుకుంటాయి, కానీ మూసుకుని అక్కడే నిలబడితే? దానితో మా అందరి బతుకూ ఆ దిగులు చుట్టే తిరిగింది. రోజూ పొద్దున, చాయ్ కంటే ముందు, ఇంజన్ నడిపి చూసేవారు. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి, పొద్దున దాని మీద పడిన నూనె చుక్కల్ని జాతకం చూసినట్టు చూసేవారు. ఎండలో నిలబెట్టినప్పుడు వెళ్ళి బానెట్ మీద చెయ్యి వేసేవారు, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు. "మంచిగనే ఉంది గదా అన్నా" అంటే, "అదే చెల్లె నా భయం. మంచిగున్న నాడే దీన్ని అనుమానించాలె" అనేవారు. ఇట్లాంటి మనిషిని నేను కారు పిచ్చోడని ఒప్పుకోను.

మొదటిసారి సర్వీసింగుకు వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను. ఆయన ఇక్కడి గనిలో పనిచేసి మరాఠీ బాగానే నేర్చుకున్నారు. వదిన ఆసిఫాబాద్ వైపు మనిషి, మరాఠీ అంటే మూతి తిప్పుతుంది. మెకానిక్ బానెట్ కింద తల పెట్టి, "చాలూ, చాలూ ఠేవా" అని అరిచాడు. ఇంజన్ అట్లాగే నడవనియ్యమని వాడి అర్థం. సీట్లో ఉన్న ఆయనకు వినబడలేదు. బయట నిలబడ్డ వదిన ఆ మాటను తనకు తెలిసిన భాషలో అందుకుని, "చాలంట, బంద్ చెయ్యి" అని చెప్పింది. ఆయన ఆపేశారు. వాడు మళ్ళీ "చాలూ" అన్నాడు, ఆయన మళ్ళీ నడిపారు, వదిన మళ్ళీ "చాలన్నడు గదయ్యా, చెవుడా నీకు" అంది. ఆఖరికి వాడు నూనె అంటిన మొహంతో బయటికొచ్చి ముగ్గుర్నీ ఒకరి తర్వాత ఒకర్ని చూశాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో బండి స్టార్ట్ అయితే ఎవరో ఒకరు "చాలూ అయింది" అనడం, ఇంకొకరు "చాలు తియ్యి" అనడం మామూలైంది.

వదిన మేనకోడలి పెళ్ళికి ఆసిఫాబాద్ పోవాల్సి వచ్చింది. బస్సులో దుమ్ము, కారులో భయం. ఆయన రెండింటినీ కలిపి ఒక ఉపాయం తీశారు. కారులోనే వెళ్ళాం, కానీ దారి పొడవునా ఆసిఫాబాద్ బస్సు వెనకాలే వెళ్ళాం. బస్సు ఆగితే ఆగాం, కదిలితే కదిలాం. మధ్యలో కారు ఆగిపోతే వదినను బస్సెక్కించవచ్చని ఆయన లెక్క. రాజురా దాటాక కండక్టరుకు అనుమానం వచ్చి, దిగి అద్దం మీద కొట్టాడు. మన భాషవాడే.

"కాకా, ఏంది కత? ఎన్కనే వస్తున్నరు. లోపట ఎవలన్న ఉన్నరా మీ వాళ్ళు?"

"ఎవలు లేరు బిడ్డా. బండి ఆగితే మీ బస్సు ఎక్కుదమని."

"మరి గిప్పుడే ఎక్కరాదు?"

"గిప్పుడు నడుస్తుంది గదా."

కండక్టరు తల గోక్కుని, వెళ్ళి డ్రైవరుకేదో చెప్పాడు. ఆ తర్వాత నుంచి ప్రతి స్టాపులో బస్సు కదిలే ముందు కిటికీలోంచి ఒక చెయ్యి మాకు రమ్మని ఊపేది. కారు ఎక్కడా ఆగలేదు. పెళ్ళివాళ్ళ కంటే ఆలస్యంగా చేరాం, అంతే. మీరు నవ్వుకోండి. నేనూ ఆ రోజు ఆయన్ని నానా మాటలూ అన్నాను. ఒక్కదానికీ కోపం తెచ్చుకోలేదు. "నువ్వు తిట్టు చెల్లె, నేను రోడ్డు చూస్త" అన్నారు.

కారు నిజంగా ఆగింది ఒక్కసారి. అది కూడా ఆగకూడని చోట. పోయిన ఎండాకాలం వదినకు ఊపిరి అందక, వెనక సీట్లో నా భుజం మీద వాలి ఉంది. ఆసుపత్రి దారిలో రైల్వే గేటు పడింది. బొగ్గు గూడ్సు అది, ఎంతకీ అయిపోదు. గేటు లేచేసరికి మా ఇంజన్ చప్పబడింది. వెనక లారీలు హారన్లు మొదలుపెట్టాయి. ఆయన తాళం తిప్పుతున్నారు, తిప్పుతున్నారు, చొక్కా వీపుకు అంటుకుపోయింది. వదిన కళ్ళు మూసుకుని మెల్లగా "చాలు" అంది.

ఆయన చెయ్యి తాళం మీదే ఆగిపోయింది. వెనక్కి తిరిగారు. అంత తెల్లబడిన మొహం నేను ఎక్కడా చూడలేదు. "గదేం మాటనే? చాలంటవేంది? వచ్చినం గదా, గిదే ఆసుపత్రి, గిదే" అంటూ ఏడ్చేశారు. వదినకు చెప్పడానికి ఊపిరి లేదు, ముందుకు చెయ్యి ఊపుతోంది. నాకు అప్పుడు కాళ్ళ కింద ఇంజన్ అదురు తెలిసింది. "అన్నా, బండి చాలూ అయిందంటుంది. నడుపు" అని అరిచాను. హారన్ల మోతలో ఇంజన్ అందుకున్న సంగతి ఆయన ఒక్కరికే వినబడలేదు.

సాయంత్రానికి ఆసుపత్రిలో ముక్కుకు మాస్కు పెట్టుకునే ఆమె ఆయన్ని అడిగింది: "సచ్చేదాన్నైతే ఇంట్ల మంచం మీద సస్త గని, గేటు కాడ లారీల నడుమ సస్తనా?" ఆయన మందుల సంచి సర్దుతూ కూర్చున్నారు. మర్నాడే నా కూతురికి, అంటే తన కోడలికి, కారు నేర్పడం మొదలుపెట్టారు. తన చెవులను తానే నమ్మడం మానేశారన్నమాట.

గురువారం పొద్దున ఆయన పళ్ళు తోముకుంటూ నల్లా దగ్గర కూలబడ్డారు. మా అమ్మాయే కారు తీసింది. తాళం తిప్పగానే కదిలిందట. గేటు కూడా లేచే ఉందట. వెనక వదిన ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న మనిషి దారిలో ఒకే మాట అన్నారట: "క్లచ్ మీదికెళ్ళి కాలు తియ్యి బిడ్డా." ఆసుపత్రి చేరేసరికి ఇంకేమీ మిగల్లేదు. ఇన్నేళ్ళూ ఆమె కోసం కాపాడిన బండి ఆయన్ని తీసుకెళ్ళింది.

ఇప్పుడు భయమంతా మా మీద పడింది. ఎండలు ముదురుతున్నాయి, వదిన నిన్నటి నుంచి మెట్ల దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటోంది. మా అల్లుడు గనిలో షిఫ్టుల మనిషి, ఇంట్లో ఎప్పుడుంటాడో వాడికే తెలియదు. దుఃఖంలో ఉన్నాడో, విసుగులో ఉన్నాడో, "ఇగ ఆ డబ్బా ఎందుకత్తమ్మా, ఎవలకన్న ఇచ్చేద్దం" అన్నాడు. వదిన విని, "ఇచ్చెయ్యి బిడ్డా. నా ఆయాసం సంగతి నేను ఆటోవానితోని మాట్లాడుకుంట" అంది. ఎవరూ నవ్వలేదు. నేను కూడా ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు ఊరికే కూర్చున్నాను.

ఇవాళ పొద్దున పక్క గల్లీ నుంచి ఇంజన్ చప్పుడు వినబడింది. చెప్పుల్లేకుండానే వెళ్ళాను. డ్యూటీ బట్టలతో అల్లుడు సీట్లో కూర్చుని, తల పక్కకు వంచి వింటున్నాడు. నన్ను చూసి, "అత్తమ్మా, గీ టకటక ముందుగాల ఉండెనా? గిప్పుడే వస్తుందా?" అన్నాడు. మొహం అచ్చం తండ్రిది. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. మెకానిక్‌ను పిలిపించాడు. టకటకతో భయం లేదట, బ్యాటరీలో నీళ్ళు మాత్రం అడుగంటాయట.

కాబట్టి, దినాల భోజనానికి వచ్చేవాళ్ళలో ఎవరి దారిలోనైనా బ్యాటరీ దుకాణం ఉంటే డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఒకటి తీసుకురండి. సీలు ఉన్నది చూసి తీసుకోండి. బోరు నీళ్ళు పట్టుకొచ్చి అదీ నీళ్ళే కదా అనకండి. దండలు ఇప్పటికే చాలా ఉన్నాయి, వాటి పుప్పొడి వదినకు పడదు, ఇక తేవద్దు. డబ్బా మా అల్లుడి చేతికే ఇవ్వండి. మీ బండ్లు మాత్రం గల్లీ మొదట్లోనే పెట్టి నడిచి రండి. కారు తీసే ఇంటి గేటు ముందు ఒక్క సైకిల్ కూడా ఉండకూడదు.